“ఆరు నెలల పిల్ల” అంటాడు, నమ్మకండి

ఇళ్ళలో పెంచుకునే గినీ పిగ్స్ (ఎలుకల జాతి బొచ్చు జంతువులు) అమ్మే ఒకాయన సంగతి ఇది, పేరు రాయను. హైదరాబాద్‌లో గినీ పిగ్స్ కొన్నవాళ్ళకి ఆయనెవరో చెప్పక్కర్లేదు. నెల కింద ఒక ఆడదాన్ని తెచ్చుకున్నాం, ఆరు నెలల పిల్ల అన్నాడు. గుండ్రంగా ఉందని మా పాప దానికి బూరె అని పేరు పెట్టింది. ఆ గుండ్రం కొవ్వు కాదని నిన్న స్కానింగ్‌లో తెలిసింది. ఈ తెల్లవారుజామున పోయింది.

తెచ్చిన రోజే రెండు డొక్కల మీదా వెంట్రుకలు పల్చగా ఉన్నాయి. అడిగితే “గర్మీ మేడమ్, వేపనూనె రాయుండ్రి” అన్నాడు. మూడు వారాలు రాశాను. రెండు వైపులా అచ్చం ఒకేలా ఊడుతోంది, గోక్కోవడం లేదు. చనుమొనలకి పొక్కు కట్టింది. ముట్టుకుంటే మీదికొస్తోంది. అన్నీ చూశాను, చూసి మళ్ళీ నూనె రాశాను. ఎంత తెలివి నాది!

మొన్న కింద పరిచిన గుడ్డ మీద రక్తం. ఆడది కదా, నెలసరేమో అంది మా ఆడపడుచు, నేనూ ఊఁ కొట్టాను. గినీ పిగ్స్‌కి నెలసరే ఉండదండీ. రక్తం కనపడిందంటే మూత్రంలో రాయో, ఇన్‌ఫెక్షనో, గర్భసంచిలో జబ్బో. మా బూరెకి రెండు అండాశయాల్లోనూ సిస్టులు (నీటి తిత్తులు), ఒకటి నిమ్మకాయంత. వెంట్రుకలూడటం, చనుమొనల పొక్కులూ వాటివల్లే. గర్భసంచి కూడా వాచింది. వయసు రెండేళ్ళు దాటే ఉంటుందన్నారు డాక్టర్ గారు. ముందే తెస్తే ఆపరేషన్ చేసి అవి తీసేసేవాళ్ళం, తిండి మానేసి ఇంత నీరసపడ్డాక మత్తు తట్టుకోలేదు అన్నారు.

అక్కడి నుంచే ఆయనకి ఫోన్ చేశాను. ఆరు నెలలన్నావు కదయ్యా అంటే నవ్వాడు. నిజంగా నవ్వాడు! “ఎన్ని ఈతలైనయ్ మేడమ్ దానికి, ఇంకేముంటది దాంట్ల? ఎలుకకి స్కానింగ్ ఎవలన్న చేయిస్తరా? మగది కొండవోండ్రి, వంద తగ్గిస్తా.” పిల్లలు పెట్టించుకున్నన్నాళ్ళు పెట్టించుకుని, పనికిరాకుండా పోయాక నాకు పిల్లని చెప్పి అంటగట్టాడు. పైగా వంద డిస్కౌంట్, ఎంత దయో! పక్కన మా పాప వింటోంది. ఏమీ అనలేక ఫోన్ పెట్టేశాను. అదే ఇప్పటికీ మండుతోంది.

ఆడదాన్ని కొనేవాళ్ళు డొక్కలూ చనుమొనలూ చూసుకోండి. వయసు కాగితం మీద రాసిమ్మనండి. కుక్కల్ని చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు, ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. వేపనూనె మాత్రం రాయకండి.