తిండిపోతు చేపల ట్యాంకుకు ఫ్లూవల్ ఎఫ్‌ఎక్స్6: ఎంతవరకు పనికొస్తుంది?

ఆస్కార్లున్న (తిండి ఎక్కువ తినే పెద్ద అక్వేరియం చేపలు) ట్యాంకులో ఫిల్టర్‌కు అసలు పని మేత వేశాకే మొదలవుతుంది. ఆస్కార్ గుళికను నములుతుంటే కొంత పొడి మొప్పల్లోంచి బయటికొచ్చేస్తుంది. ఆ పొడినీ, వెనకే వచ్చే మలాన్నీ కుళ్లకముందే లాగెయ్యాలి. ఎఫ్‌ఎక్స్6 కానిస్టర్ (ట్యాంకు బయట పెట్టే, మూత బిగించిన డబ్బా ఫిల్టర్) ఈ పని చక్కగా చేస్తుంది. కాకపోతే డబ్బా మీది అంకెను నమ్మి చేపల్ని కుక్కితే మాత్రం చిక్కుల్లో పడతారు.

1,500 లీటర్ల ట్యాంకు దాకా సరిపోతుందన్నది కంపెనీ మాట. చిన్న చేపలకైతే సరే. పంపు ఒక్కటే గంటకు 3,500 లీటర్లు తోస్తుంది గానీ, ఫిల్టర్ గుండా తిరిగేది 2,130 లీటర్లేనని కంపెనీయే చెబుతోంది. 180×60×60 సెం.మీ. ట్యాంకులో అంచుదాకా 648 లీటర్లు పడతాయి. అంటే ట్యాంకులోని నీళ్లు గంటకు మూడుసార్లకు కాస్త పైనే ఫిల్టర్ గుండా తిరుగుతాయి. రెండు ఆస్కార్లు, నాలుగైదు సిల్వర్ డాలర్ చేపలు, ఒక ప్లెకో (అడుగున తిరిగే క్యాట్‌ఫిష్). మా లెక్కలో ఈ ఒక్క ఫిల్టర్‌కు హద్దు ఇదే.

5 సెం.మీ. ఆస్కార్ పిల్ల ఏడాదిలో 25 సెం.మీ. దాకా సాగగలదు. పొడవు 5 రెట్లయితే బరువు దాదాపు 125 రెట్లు! మొదట్లో సునాయాసంగా నడిచిన ట్యాంకు ఆ తర్వాత ఎందుకు చెయ్యి జారుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చి ఆగిపోతుంది. నైట్రేట్ పోవాలంటే వారానికి 40–50 శాతం నీళ్లు మార్చాల్సిందే. అది 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటిందంటే మేత ఎక్కువైనట్టో, మార్చే నీళ్లు తక్కువైనట్టో.

దీనిలో మాకు బాగా నచ్చింది అడుగునున్న వాల్వు. పంపు ఆపి, గొట్టం తగిలించి తెరిస్తే మూత తీయకుండానే మడ్డి బయటికి పోతుంది. అయినా నెలకోసారి స్పాంజిలు తీసి పిండాలి, లేకపోతే ధార సన్నబడుతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే కడగండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేస్తుంది. బ్యాక్టీరియా కాపురముండే సిరామిక్ రింగుల్ని అదే రోజు ముట్టుకోవద్దు.

పంపు 12 గంటలకోసారి దానంతటదే కాసేపు ఆగి, లోపలి గాలిని వదిలి మళ్లీ తిరుగుతుంది. చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. కరెంటు గంటల తరబడి పోతే మాత్రం మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చస్తుంది. వెంటనే స్విచ్ వేస్తే ఆ కుళ్లునీళ్లు ట్యాంకులోకి వస్తాయి. ముందు వాటిని పారబోసి, స్పాంజిలు కడిగి, అప్పుడు నడపండి.

ఏ ఫిల్టరూ తీర్చలేని సంగతులు కొన్నున్నాయి. ఆస్కార్ నోట్లో పట్టే నియాన్ టెట్రాలు దానికి మేతే. పంగాసియస్, రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ మీటరు దాటగలవు, వాటిని ఇంటి ట్యాంకులోకి తేవద్దు. మేతంతా ఆస్కార్లే తినెయ్యకుండా మిగతా చేపలకూ కడుపు నిండాలంటే రెండు మూలలా ఒకేసారి మేత వేసి, ప్లెకోకు లైటు ఆర్పాక మునిగే గుళికలు వెయ్యాలి.

కొనేముందు ట్యాంకు స్టాండులో ఫిల్టర్ పెట్టే అర ఎత్తు కొలవండి. ఈ డబ్బా ఎత్తు అర మీటరు పైనే, దాని మీద గొట్టాలు వంగడానికి కూడా జాగా కావాలి.