యాబే: డివైస్ ఐడీల తికమక తేల్చే ఉచిత టూల్

బిల్డింగ్ ఏసీలో గాలిని పంపే ఏహెచ్‌యూలు, గదికి వెళ్లే గాలిని సరిచేసే వీఏవీ బాక్సులు కమిషనింగ్‌కు (పరీక్షించి నడిపించే దశకు) వచ్చినప్పుడు ముందు తేలాల్సింది ప్రతి కంట్రోలర్‌కూ తనదంటూ ఒక నంబరు ఉందా లేదా అన్నది. బ్యాక్‌నెట్ (బిల్డింగ్ కంట్రోలర్లు మాట్లాడుకునే ప్రోటోకాల్) వాడే సైట్లలో అది చూసుకోవడానికి యాబే చాలు. విండోస్ మీద నడిచే ఓపెన్ సోర్స్ టూల్, పైసా ఖర్చు లేదు.

ఐపీ నెట్‌వర్క్‌లో ఉన్న కంట్రోలర్ల వైపు పని తేలిక. యాబేలో లోకల్ ఎండ్‌పాయింట్ దగ్గర ప్లాంట్ నెట్‌వర్క్‌కు తగిలించిన కార్డు ఐపీనే ఎంచుకోండి. అక్కడ వైఫై ఐపీ ఉండిపోతే లిస్టు ఖాళీగా వస్తుంది, తప్పు కంట్రోలర్ల మీదకి పోతుంది. ఫైర్‌వాల్‌లో యూడీపీ 47808 తెరిచి ఉండాలి. వేరే సబ్‌నెట్‌లో ఉన్నవి కనపడకపోతే బీబీఎండీ (సబ్‌నెట్ల మధ్య బ్రాడ్‌కాస్ట్‌లు చేరవేసేది) దగ్గర ఫారిన్ డివైస్‌గా రిజిస్టర్ అవ్వాలి. హూ-ఈజ్ బ్రాడ్‌కాస్ట్ (ఎవరెవరున్నారని అందరికీ వేసే కేక) దానంతటది ఐపీ రౌటర్ దాటదు.

అసలు చిక్కంతా ఎమ్మెస్టీపీలోనే, అంటే కంట్రోలర్లు ఒకే ఆర్ఎస్485 కేబుల్ పంచుకునే పద్ధతిలో. ఇక్కడ నంబర్లు రెండు. డిప్ స్విచ్‌తో (బోర్డు మీది చిన్న స్విచ్‌ల వరసతో) పెట్టే మ్యాక్ అడ్రస్ మాస్టర్లకు (వంతు వచ్చినప్పుడు తామే మాట్లాడేవాటికి) 0 నుంచి 127 వరకు, ఒక్క కేబుల్ వరకు వేరుగా ఉంటే చాలు. డివైస్ ఇన్‌స్టెన్స్ (డివైస్ ఐడీ) 0 నుంచి 4194302 వరకు, బిల్డింగ్ మొత్తంలో ఏ రెండింటికీ ఒకటే ఉండకూడదు. చాలా కంట్రోలర్లు ఇన్‌స్టెన్స్‌ను మ్యాక్ నుంచే తీసుకుంటాయి కాబట్టి రెండో ఫ్లోర్‌లో 5, మూడో ఫ్లోర్‌లో 5 ఢీకొంటాయి. అప్పుడు బీఎంఎస్ (బిల్డింగ్ మొత్తాన్ని చూసుకునే సిస్టమ్) స్క్రీన్ మీద ఒకే గది టెంపరేచర్ కాసేపు 23, కాసేపు 27. యాబేలో అదే ఐడీ రెండు వేర్వేరు అడ్రస్‌లతో కనిపిస్తుంది, దొంగ దొరికినట్టే. లిస్టును మీ అడ్రస్‌ల షీటుతో మీరే పోల్చుకోవాలి.

షీటుకు పనికొచ్చే లెక్క: నెట్‌వర్క్ నంబరు (ఒక్కో కేబుల్‌కు ఇచ్చేది) × 1000 + మ్యాక్. 12వ నెట్‌వర్క్‌లో 37 అంటే 12037. డిప్ మీద 37 కావాలంటే 1, 3, 6 స్విచ్‌లు ఆన్ (1+4+32). ఎనిమిది స్విచ్‌లూ అడ్రస్‌కే వాడే బోర్డును తలకిందులుగా చదివితే అది 164 అవుతుంది, మాస్టర్ల పరిధి దాటేసి టోకెనే (మాట్లాడే వంతు) అందదు. స్విచ్ మార్చాక పవర్ తీసి పెట్టండి, చాలా బోర్డులు స్విచ్‌ను బూట్ అప్పుడే చదువుతాయి.

ఎమ్మెస్టీపీకి యూఎస్‌బీ-ఆర్ఎస్485 కన్వర్టర్, సైట్ బాడ్ రేటు (కేబుల్ మీద డేటా వేగం) కావాలి. సోర్స్ అడ్రస్ -1 ఉంచితే యాబే వినడమే తప్ప మాట్లాడదు. నడుస్తున్న ప్లాంట్‌లో ముందు అలాగే పెట్టి, ఖాళీ అడ్రస్ చూసుకున్నాకే దాన్ని ఇవ్వడం క్షేమం. మాక్స్ మాస్టర్ (ఏ అడ్రస్ వరకు పిలిచి చూడాలన్న సెట్టింగ్) దగ్గర ఇంకో మెలిక: పోలింగ్ తగ్గుతుందని కంట్రోలర్లలో 35 పెట్టేస్తారు, తర్వాత ఎవరో 40 అడ్రస్‌తో బాక్స్ కలిపితే దాన్ని ఎవరూ పిలవరు, వైరింగ్ ఎంత వెతికినా లాభం లేదు.

యాబేకు చేతకానిదీ ఉంది. ఒకే కేబుల్‌లో రెండు మ్యాక్‌లు ఒకటే అయితే ఫ్రేములు చెడి, బాగున్నవి కూడా వచ్చిపోతుంటాయి. యాబే చూపేది ఆ గందరగోళమే. కేబుల్‌ను సగం సగం విడదీసి వెతకాల్సిందే. ఇన్‌స్టెన్స్ మార్చడమూ కంట్రోలర్ ఒప్పుకుంటేనే; లేదంటే తయారీదారు సొంత టూల్ తప్పదు.