జాగ్రత్త: ‘ఏ డీజిల్ ఇంజిన్‌కైనా సరిపోతుంది’ అని అమ్మే ఎగ్జాస్ట్ బ్రేక్ కిట్లు

డీజిల్ పికప్‌కి ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టించాలనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను ఇంజిన్ హెడ్ (సిలిండర్ల పైన ఉండే మూత భాగం) విప్పించుకోవాల్సి వచ్చింది. కిట్ అమ్మి బిగించినవాళ్లు చేతులు దులుపుకున్నారు.

ట్రైలర్ తగిలించుకుని తరచూ కొండ రోడ్లు దిగేవాణ్ణి. సగం దిగేసరికి బ్రేకులు కాలిన వాసన వస్తుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో బరువు లాగినవాళ్లకు తెలుసు. అందుకే ఇది పెట్టించాను. ఆ బ్రేక్ మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం) తర్వాత పొగ గొట్టంలో ఒక రెక్క ఉంటుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే అది మూసుకుంటుంది. బయటికి పోయే గాలి అక్కడ ఆగి వెనక్కి ఒత్తుతుంది. పిస్టన్లు ఆ ఒత్తిడికి ఎదురు తోయాలి కాబట్టి బండి వేగం తగ్గుతుంది. మొదటిసారి కొండ దిగినప్పుడే తేడా తెలిసింది.

మూడో వారంలో ఒక గేరు తగ్గించి దిగుతుంటే, ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) బాగా పెరిగినప్పుడు ఇంజిన్‌లో టకటకమని చప్పుడు వచ్చింది. షాపుకి ఫోన్ చేస్తే ‘కొత్తలో అలాగే ఉంటుంది సార్, సర్దుకుంటుంది’ అన్నారు. నమ్మాను. నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ మిస్ కొడుతోంది. వేరే మెకానిక్ కంప్రెషన్ చూసి హెడ్ విప్పితే, పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వాల్వ్ (సిలిండర్ నుంచి పొగ బయటికి పోయే దారికి మూత) తగిలిన గుర్తు నెలవంకలా కనిపించింది. వాల్వ్ వంగిపోయింది.

ఆ మెకానిక్ కాగితం మీద లెక్క వేసి చూపించాడు. వెనక్కి ఒత్తే గాలి ఎగ్జాస్ట్ వాల్వ్‌ని సిలిండర్ లోపలికి నెడుతుంది. దాన్ని ఆపేది వాల్వ్ స్ప్రింగ్. వాల్వ్ తల 40 మిల్లీమీటర్లు, ఒత్తిడి 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 60 పౌండ్లు) అనుకుంటే, ఆ ఒక్క వాల్వ్ మీద పడే తోపు దాదాపు 53 కిలోలు. పైగా ఒత్తిడి కొలిచే గేజ్‌లో కనిపించేది సగటు మాత్రమే. పక్క సిలిండర్ గాలి వదిలినప్పుడల్లా క్షణకాలం అంతకన్నా ఎక్కువ ఒత్తిడి వచ్చి తగులుతుంది. స్ప్రింగ్ బలం చాలకపోతే వాల్వ్ తన సీటు మీద నిలవదు, తెరుచుకుంటుంది. పైకి వస్తున్న పిస్టన్‌కి అది అడ్డం పడితే ఏమవుతుందో నా ఇంజిన్‌లో చూశాను.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. 12 వాల్వుల 5.9 లీటర్ల కమ్మిన్స్ డీజిల్ ఇంజిన్ ఉన్న పాత డాడ్జ్ పికప్‌లకు గట్టి బ్రేక్ పెట్టేవాళ్లు ముందు బలమైన వాల్వ్ స్ప్రింగులు వేయించుకోవడం ఎప్పటినుంచో ఉంది. నాకు అమ్మినవాళ్లు ఈ మాటే ఎత్తలేదు.

కాబట్టి అమ్మేవాణ్ణి రెండు అంకెలు అడగండి. ఈ బ్రేక్ గరిష్ఠంగా ఎన్ని పీఎస్ఐ ఒత్తిడి తెస్తుంది? నా ఇంజిన్‌లో ఉన్న స్ప్రింగులతో ఎన్ని పీఎస్ఐ దాకా భరించవచ్చు? రెండూ మీ ఇంజిన్ మోడల్ పేరుతో కాగితం మీద రాసి ఇవ్వకపోతే కొనకండి. బిగించాక రెక్కకు ముందు వైపు గేజ్ పెట్టించి, ఎక్కువ ఆర్పీఎంలో ఎంత చూపిస్తుందో మీ కళ్లతో చూడండి. నా బండికి ఆ పరీక్ష చేయనే లేదు. చేసి ఉంటే ఆ రోజే దొరికిపోయేది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. బ్రేక్ పనిచేస్తున్నంతసేపూ టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఆయిల్ ద్వారా కలిపే భాగం) లాక్ అయి ఉండాలి. లేకపోతే బ్రేక్ సరిగా పట్టదు, గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కుతుంది. ఆ లాక్ ఏర్పాటు కిట్‌లో ఉందా, విడిగా కొనాలా అని ముందే తేల్చుకోండి. అసలు కొత్త బండ్లలో చాలావాటికి కంపెనీయే టర్బోలో ఈ బ్రేక్ ఇస్తోంది. ముందు మీ మాన్యువల్ చూడండి, కిట్ అవసరమే రాకపోవచ్చు.

సర్వీసింగ్ సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు. రెక్క ఇరుసు మసి, తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. వాడినా వాడకపోయినా అప్పుడప్పుడూ స్విచ్ వేసి కదిలిస్తుండాలి. మామూలు గ్రీజు అక్కడి వేడికి కాలి గట్టిపడుతుంది, ఎక్కువ వేడికి తట్టుకునే లూబ్రికెంటే వాడాలి. రెక్క మూసుకుని ఇరుక్కుంటే బండి లాగదు, నల్లపొగ వస్తుంది, ఎగ్జాస్ట్ విపరీతంగా వేడెక్కుతుంది. అలాంటప్పుడు నడపకండి. గాస్కెట్ (గొట్టం అతుకుల మధ్య లీకు ఆపే పట్టీ) చుట్టూ మసి మరక కనిపిస్తే అక్కడ లీకు ఉందని అర్థం. ఇక తడి రోడ్డు మీద, మంచు మీద స్విచ్ ఆపేయండి. ఈ బ్రేక్ ఇంజిన్ తిప్పే చక్రాల మీదే పనిచేస్తుంది, అవి జారితే బండి అడ్డం తిరుగుతుంది.

‘ఆర్పీఎం ఎక్కువ తిప్పడం మీ తప్పు’ అన్నారు షాపువాళ్లు. ఎంత దాటకూడదో బిల్లు మీద గానీ కిట్ కాగితంలో గానీ ఎక్కడా లేదు. ఆ కాగితాలు, వంగిన వాల్వ్, పిస్టన్ ఫొటోలు అన్నీ దాచి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా జవాబు రాలేదు. హెడ్ పని పూర్తయింది, బలమైన స్ప్రింగులు వేయించాను. గేజ్ మాత్రం శాశ్వతంగా డాష్‌బోర్డు మీదే ఉంచుకున్నాను.