లువాలే సీమలో నాలుగు రోజులు: ముకాండా చూపిస్తామంటే నమ్మకండి

ఆగస్టు చివరి వారంలో మావారు, అమ్మాయి, నేను జాంబియా వాయవ్య మూలనున్న జాంబేజి పట్టణానికి వెళ్ళి, దానికి దగ్గరలోని మిజే అనే రాచనగరులో లువాలే ప్రజలు ఏటా జరుపుకునే 'లికుంబి ల్యా మిజే' ఉత్సవం చూసి వచ్చాము. ఆ పేరుకు 'మిజే రోజు' అని అర్థం. ఉత్సవం గురించి మనసారా రాయాలని ఉంది గాని, ముందు మూడు వేల క్వాచాల సంగతి చెప్పకపోతే నా మనసు కుదుటపడదు.

జాంబియాలోనే మేముండే కిట్వే పట్టణంలో ఒక యాత్రా ఏజెంటు, తలకు వెయ్యి చొప్పున ముగ్గురికీ 3,000 క్వాచాలు, అంటే అప్పటి మారకంలో దాదాపు పది వేల రూపాయలు తీసుకుని, 'ముకాండా శిబిరం లోపలికి తీసుకువెళ్ళి చూపిస్తాము' అని మాట ఇచ్చాడు. ప్రయాణం, బస ఖర్చులు ఇందులో లేవు. కేవలం ఆ ఒక్క దర్శనానికే ఈ సొమ్ము.

ముకాండా అంటే లువాలేలూ వారి బంధుజాతులైన చోక్వే, లుచాజి వంటి వారూ తమ మగపిల్లలకు జరిపే దీక్ష. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలను, వానలు వెనుకబట్టాక, ఊరికి దూరంగా అడవిలో కట్టిన శిబిరంలో ఒకటి నుంచి మూడు నెలలు ఉంచుతారు. అక్కడ సున్తీ చేస్తారు, ధైర్యాన్ని పరీక్షిస్తారు, మగవాడిగా, భర్తగా మోయవలసిన బాధ్యతలు నేర్పుతారు. ఇల్లు విడిచిన ఆ బాలుడు బాలుడిగా చనిపోయినట్టే లెక్క. ఒక్కొక్కరికీ ముసుగు ధరించిన ఒక్కొక్క 'మకిషి' తోడుగా ఉంటుంది. ఆ మకిషి మరణించిన పూర్వికుల ఆత్మ, పిల్లలను కాపాడడానికి తిరిగి వచ్చిందని నమ్మకం. యునెస్కో 2005లో గుర్తించినది ఈ మకిషిల ముసుగు వేడుకనే.

దారి గురించి చెప్పవలసింది తక్కువ. సోల్వేజిలో ఒక రాత్రి ఆగి, కబోంపోలో 60 క్వాచాలకు సీసా తేనె కొన్నాము. చెట్టుబెరడు చుట్టి చేసిన గొట్టాలను కొమ్మలకు వేలాడదీసి పట్టే తేనె అది. ముదురు రంగు, కాస్త వగరు. ఎన్ని సీసాలు దొరికితే అన్నీ కొనుక్కోండి.

జాంబేజిలో ఏజెంటు మనిషి మమ్మల్ని సాయంత్రం ఏడు గంటలకు ఒక లాడ్జి వెనుక పెరటిలోకి తీసుకువెళ్ళాడు. అక్కడ జనరేటరు దీపం కింద ముసుగులు వేసుకున్న ఇద్దరు పది నిమిషాలు గెంతి, టోపీ చాపి డబ్బులు అడిగారు. 'శిబిరం ఏది?' అని మావారు నిలదీస్తే, 'ఇదే శిబిరం నమూనా' అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మావారు ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదు. పైగా ఆ లాడ్జిలో 450 క్వాచాలని ఫోనులో చెప్పిన గదికి, ఉత్సవం రోజులని 700 గుంజారు. వేడినీళ్ళు లేవు, తలుపు గడియ లేదు.

మర్నాడు మిజేలో తిండి అమ్ముతున్న ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నప్పుడు, నాకు వచ్చిన బెంబా భాష కొంత, ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు కొంత కలిపి నా గోడు చెప్పుకున్నాను. ఆవిడ చేస్తున్న పని ఆపి నావైపు చూసింది. 'నా కొడుకు లోపల ఉన్నన్నాళ్ళూ వాడికి వండి పంపాను గాని, కన్నతల్లిని, నేనే ఆ కంచె దాటలేదు. నీకెలా చూపిస్తామన్నారమ్మా?' అంది. నాకు సిగ్గు వేసింది. అంతవరకు నా బాధ డబ్బు పోయిందనే. ఆ మాటతో, అడగకూడనిది కొనడానికి బయలుదేరామని తెలిసింది. ముకాండాలోకి స్త్రీలకు, దీక్ష పొందని మగవారికి ప్రవేశం లేదు. ఈ సంగతి తెలిసే ఆ ఏజెంటు మాట ఇచ్చాడు.

ఆవిడ పెట్టిన భోజనం 35 క్వాచాలు. కర్రపెండలం పిండితో వండిన 'షిమా' మన రాగిసంకటిలా ముద్దగా ఉంటుంది గాని, వేళ్ళకు సాగుతుంది, కొద్దిగా పులుపు. దానితో ఎండుచేప పులుసు, వేరుశనగ పొడి వేసిన పెండలం ఆకుకూర. మావారు ఆ పూట రెండో ముద్ద అడిగి వేయించుకున్నారు. ఎదురుపడిన పెద్దలకు రెండు చేతులూ మెల్లగా చరుస్తూ 'మోయో, మ్వానే' అని పలకరించడం అమ్మాయికి ఆవిడే నేర్పింది.

ఇక ఉత్సవం. లువాలేల పెద్దదొర న్డుంగు ఆసీనుడైన పందిరి ముందుకు మకిషిలు ఒక్కొక్కటే వచ్చాయి. సంపన్నుడైన పెద్దమనిషి చిసాలుకే, ముకాండాకు ప్రభువైన ముపాలా, ఆదర్శ స్త్రీ రూపమైన ప్వెవో. ప్వెవో మాకు రెండు బారల దూరంలో ఆగింది. నారతాళ్ళతో అల్లిన వల ఒంటికి బిగుతుగా, వేలి చివరల వరకు, ఎరుపు, నలుపు, తెలుపు చారలతో అతుక్కుని ఉంది. జడలు కూడా నారతోనే అల్లారు. కదలికంతా నడుములోనే, పాదాలు మాత్రం ఇసుకలో నిలకడగా ఉన్నాయి. లోపల ఉన్నది మగవాడే అయినా, ఎవరని అడగకూడదు. మా అమ్మాయి భయపడి నా కొంగు పట్టుకుంది, చూపు మాత్రం తిప్పుకోలేదు. లాడ్జి పెరటిలో చూసిన గెంతులకూ దీనికీ పోలికే లేదు. పెళ్ళిపందిళ్ళకు, రాజకీయ సభలకు మకిషిలను కిరాయికి తెచ్చే అలవాటు పెరగడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

చివరి రోజు ఎగువన ఉన్న చిన్యింగి మిషను దగ్గర జాంబేజి నది మీది వేలాడే కాలివంతెన దాటాము. 1970లలో కపుచిన్ మిషనరీలు కట్టించినది. తప్పక వెళ్ళండి.

మిజేకు ఏజెంటు అక్కర్లేదు. పట్టణం నుంచి అద్దె కారుకు మనిషికి 40 క్వాచాలు ఇచ్చాము. గది మాత్రం ధర రాతపూర్వకంగా తీసుకున్నాకే ఖాయం చేసుకోండి. కిట్వే తిరిగి వచ్చాక మావారు ఆ ఏజెంటు కార్యాలయానికి రెండుసార్లు వెళ్తే 800 క్వాచాలు వెనక్కి ఇచ్చాడు. మిగిలిన 2,200 ఇంకా రావలసే ఉన్నాయి.