మెదక్ చర్చి: ఫొటోలకు కాదు, ఆరాధనకు వెళ్ళండి

మెదక్ చర్చికి ఎక్కువమంది ఫొటోల కోసం వెళ్తారు. వీలైతే ఆదివారం ఆరాధనకే వెళ్ళండి. మా ఊరి చర్చి సంఘంలో డ్రమ్ములు, స్పీకర్లు లేనిదే పాట మొదలవదు. అలాంటి చోటునుంచి వెళ్ళిన నాకు ఇక్కడ గడప దాటగానే గొంతు దానంతటదే తగ్గిపోయింది. అరికాళ్ళకు రంగురంగుల పలకల చల్లదనం తగులుతుంటే, మా అత్తమ్మ కొంగు తలమీదికి లాక్కుని "మెల్లగ నడువు బిడ్డా" అంది.

ఎదురుగా యేసు పరలోకానికి ఆరోహణం, చెరో పక్కన జననం, సిలువ. ఈ రంగు అద్దాల బొమ్మలు బయటి వెలుతురుతోనే కనిపిస్తాయి, అందుకే పగలే వెళ్ళాలి. "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అని అందరూ కలిసి అంటుంటే మా సంఘంలో రోజూ నేను పరధ్యానంగా పలికే మాటేనా ఇది అనిపించింది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర ముసలివాళ్ళు సైతం మోకాళ్ళమీదే ఉన్నారు.

కరువు రోజుల్లో బ్రిటిష్ మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని, తిండి దొరికేలా కట్టించిన మందిరం ఇది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. గంట గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు.

క్రిస్మస్‌కి మాత్రం వద్దు, ఆ జనంలో ప్రార్థన మీద మనసు నిలవడం కష్టం. ఇక మోకరించినవాళ్ళ మొహాలమీదికి ఫోన్ పెట్టి వీడియో తీసే సందర్శకులను ఏమనాలో! కాస్త ఇంగితం ఉండక్కర్లేదా? ఐదు స్టార్లూ చర్చికి, వాళ్ళకు సున్నా.

హైదరాబాదు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామునే బయలుదేరండి.