ట్రెమే వీధుల్లో ఆడియో టూరా, గైడా?

అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో పాత క్రియోల్ (ఫ్రెంచ్, స్పానిష్, ఆఫ్రికన్ మూలాలు కలగలిసినవాళ్ల) పేట ట్రెమే చూడబోయేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఖర్చు: ఆడియో చౌక. గైడ్‌కు తలకింత, పైగా టిప్పు.

తీరిక: 1841 నాటి సెయింట్ అగస్టీన్ చర్చి పక్కన, గొలుసులూ సంకెళ్లూ వేలాడే పెద్ద ఇనుప శిలువ ఉంది. పేరు తెలియని బానిసల స్మారకం అది. ఆడియో ఆపేసి అక్కడ ఎంతసేపైనా నిలబడొచ్చు, నిలబడాలి కూడా. గైడ్‌తో అయితే గుంపుతోపాటు కదలాల్సిందే.

సందేహాలు: ఈ పేటలోని క్లెయిబోర్న్ అవెన్యూలో ఓక్ చెట్లు కొట్టేసి 1960ల్లో ఫ్లైఓవర్ కట్టారు. దాంతో ఎవరి బతుకులు ఏమయ్యాయో గుచ్చి గుచ్చి అడగడానికి మనిషే కావాలి.

రిస్క్: ఆడియోతో నడిచేటప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచండి, పగలే వెళ్లండి.

పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే ఆడియో. ఒక్కరే వెళ్తుంటే, ఇక్కడి కాంగో స్క్వేర్ మైదానంలో బానిసలు ఆదివారాలు డ్రమ్ములు వాయించి నాట్యమాడిన చరిత్ర లోతుగా కావాలంటే, గైడ్.