కాంక్రీట్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్ డిగ్రీ: కొన్నేళ్ల ఉద్యోగం తరువాత ఒక సమీక్ష

నాలుగేళ్ల డిగ్రీలో నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ ప్రతివారం నాకు పనికివస్తున్నది ఫీల్డ్ టెస్టింగ్ (తాజా కాంక్రీటును సైటులోనే పరీక్షించడం) తరగతి. అమెరికాలో ఈ కోర్సు 1996లో మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీలో మొదలై, తరువాత టెక్సస్ స్టేట్, చికోలోని కాలిఫోర్నియా స్టేట్ వంటి చోట్లకు విస్తరించింది. వాటిలో ఒకచోట చదివి, ప్రస్తుతం టెక్సస్‌లో ఒక రెడీమిక్స్ సంస్థ నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. ఫీజులు, సిలబస్ అందరికీ అందుబాటులో ఉన్నవే కనుక వాటి జోలికి పోను.

ఆ తరగతి ఏసీఐ (అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్) వారి ఫీల్డ్ టెస్టింగ్ టెక్నీషియన్ గ్రేడ్-1 పరీక్షకు సిద్ధం చేస్తుంది. తాజా కాంక్రీటు ఎంత జారుగా ఉందో కొలిచే స్లంప్ కోన్‌ను మూడు పొరలుగా నింపాలి, ఒక్కో పొరను కడ్డీతో 25 సార్లు పొడవాలి, కోన్‌ను 3 నుంచి 7 సెకన్లలో నిటారుగా పైకెత్తాలి, నింపడం మొదలుకొని అంతా రెండున్నర నిమిషాల్లో ముగించాలి. ఈ అంకెలను ఎవరైనా బట్టీ పట్టవచ్చు. మా అధ్యాపకుడు మాత్రం ప్రతి అంకె ఎందుకు పెట్టారో, దాన్ని పాటించకపోతే ఫలితం ఎటు మొగ్గుతుందో చెప్పించేవరకు వదిలేవారు కాదు.

దాని విలువ ఒక వేసవిలో గోదాము స్లాబు విషయంలో నాకు పూర్తిగా తెలిసివచ్చింది. 4,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం రావలసిన సిలిండర్లు, అంటే అదే కాంక్రీటుతో పరీక్ష కోసం పోసిన నమూనాలు, 28వ రోజున అంతకంటే 500కు పైగా తక్కువకే పగిలాయి. కాంట్రాక్టరు మా బిల్లు ఆపి, స్లాబును పగలగొట్టించే మాట కూడా ఎత్తారు. అదే రోజు, అదే మిక్స్ మా ప్లాంటు నుంచి మరో సైటుకూ వెళ్లింది, అక్కడి ఫలితాలు బాగానే ఉన్నాయి. సిలిండర్లను తొలి 48 గంటల వరకు 60 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, తేమ పోకుండా ఉంచి, ఆ ఉష్ణోగ్రతను నమోదు చేయాలన్నది నియమం. పరీక్షించిన ల్యాబును ఆ రికార్డు అడిగితే వారి దగ్గర లేదు. సైటు సూపరింటెండెంట్ రోజువారీ నివేదికలోని ఫొటోల్లో మాత్రం ఆ సిలిండర్లు పెట్టె కూడా లేకుండా మండుటెండలో కనిపించాయి. మొదటి గంటల్లో మితిమీరిన వేడి తగిలితే సిలిండరు తొందరగా గట్టిపడుతుంది, కానీ 28 రోజుల బలం తగ్గుతుంది. ఆ లోపం సిలిండరుదే, స్లాబుది కాకపోవచ్చు.

వాదనతో ఈ సంగతి తేలదు కనుక స్లాబును తొలిచి మూడు కోర్లు (స్తంభాకారపు నమూనాలు) తీయించాలని కోరాము. అమెరికాలోని కాంక్రీటు నిర్మాణ నియమావళి ఏసీఐ 318 ప్రకారం మూడింటి సగటు నిర్దేశిత బలంలో 85 శాతమైనా ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. మా కోర్లు రెండు షరతులనూ దాటాయి. స్లాబు నిలిచింది, బిల్లూ వచ్చింది. చివరి ఏడాదిలో మమ్మల్ని ఉత్పత్తిదారు, కాంట్రాక్టరు, ల్యాబు అనే పక్షాలుగా విడదీసి, బ్యాచ్ టికెట్లు (ఏ లోడులో ఏమేం కలిపారో చూపే చీటీలు), టెస్ట్ రిపోర్టులు చేతికిచ్చి వాదించమనేవారు. ఆ రోజు ఏ కాగితాన్ని ఎవరిని అడగాలో నాకు తెలిసిందంటే ఆ శిక్షణ వల్లనే.

ఉద్యోగాల విషయంలో మాత్రం గతంలో జూనియర్లకు చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పలేను. పరిశ్రమవారు క్యాంపస్‌కు వచ్చి ఎంపిక చేసుకోవడం నిజమే. అయితే ఆ ఉద్యోగాల్లో చాలా వరకు చిన్న ఊళ్ల ప్లాంట్లలోనో అమ్మకాల విభాగంలోనో ఉంటాయి, వీసా వ్యవహారం నెత్తిన వేసుకోవడానికి అన్ని సంస్థలూ సిద్ధపడవు. మా కుటుంబానికి గ్రీన్‌కార్డు ఉండటంతో ఆ ఇబ్బంది నాకు రాలేదు. పైగా ఇది ఇంజనీరింగ్ డిగ్రీ కాదు. డిజైన్ చేసి పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు తెచ్చుకోవాలనుకునేవారికి సివిల్ ఇంజనీరింగే సరైన దారి.

ఆంధ్రలోనో తెలంగాణలోనో స్థిరపడదలచినవారు ఐఎస్ 456, ఐఎస్ 10262 అనే భారతీయ కాంక్రీటు ప్రమాణాలను మళ్లీ కూర్చొని చదవక తప్పదు. అక్కడ పగలగొట్టేది 150 మిల్లీమీటర్ల క్యూబు. సాధారణంగా సిలిండరు బలం క్యూబు బలంలో 80 శాతం ప్రాంతంలో ఉంటుంది కనుక ఇక్కడి అంకెలను ఉన్నవి ఉన్నట్టు అక్కడ పోల్చకూడదు. ప్లాంటు పని, తెల్లవారుజామున పోసే స్లాబులు, కాంట్రాక్టర్లతో బేరసారాలు ఇష్టపడే నాలాంటివారికైతే కోర్సు నచ్చుతుంది. చేరేముందు రెండు విషయాలు కనుక్కోండి: ఏసీఐ పరీక్షను కోర్సులో భాగంగానే పెడతారా, ప్రాక్టికల్స్‌కు ల్యాబులో కలిపిన కాస్త కాంక్రీటుతోనే సరిపెడతారా లేక ట్రాన్సిట్ మిక్సర్‌ను ఆవరణలోకి రప్పిస్తారా?